కడాయిలో కాపురం

తాష్కెంట్ పాత నగరంలో తోలిబ్‌జాన్ పెంచిన చేప ఒకటి పిల్లిని మింగింది. తోకతో సహా.

సరే, మింగలేదు. తోక దగ్గర ఆగిపోయిందని కొందరంటారు గానీ, అదీ నిజం కాదు. అక్వేరియం అంచు మీద కూర్చుని నీళ్ళలోకి తొంగిచూసిన పొరుగింటి పిల్లికి ఆ చేప ఎగిరి మూతి మీద ఒక్కటిచ్చింది. కుడివైపు మీసాలు నాలుగు ఊడిపోయాయి. పిల్లి ఆ వేసవంతా కొంచెం ఎడమకి ఒరిగి నడిచింది. ఇంతవరకూ మొహల్లాలో ఎవరినడిగినా చెప్తారు. మింగడం మాత్రం కాస్త ఎక్కువ చెప్పినట్టే.

ఆ చేప పేరు ఇన్‌స్పెక్టర్. మోచేతి పొడుగు, ఒళ్ళంతా చిరుతపులి మచ్చలు, కిందిపెదవి ముందుకొచ్చి ఎప్పుడూ ఎవరి మీదో ఫిర్యాదు రాయబోతున్నట్టు ఉంటుంది. తోలిబ్‌జాన్ ముప్ఫైనాలుగేళ్ళు ట్రాలీబస్సు నడిపాడు. మంచుకి భయపడలేదు, తాగి ఎక్కినవాళ్ళకి భయపడలేదు. ఏ స్టాపులో ఎక్కుతారో తెలియని టికెట్ ఇన్‌స్పెక్టర్లంటే మాత్రం హడల్. వాళ్ళు ముందు తలుపు నుంచి వెనక తలుపు దాకా తొందర లేకుండా నడిచేవాళ్ళు. జనం అటూ ఇటూ ఒదిగి దారిచ్చేవాళ్ళు. ఈ చేప కూడా తొట్టిలో అచ్చం అలాగే తిరుగుతుంది. అందుకని ఆ పేరు.

తొట్టి ఆయన సొంతంగా కట్టుకున్నదే. బజారు మూలన మూతపడిన చెప్పుల దుకాణం అద్దాలు తెచ్చి, డిపోలో వెల్డింగ్ చేసేవాడి చేత ఇనప చట్రం బిగించుకున్నాడు. మనిషి బారుగా పడుకున్నా కాళ్ళు తగలనంత పొడుగు. దాన్ని తీసుకెళ్ళి అతిథుల గదిలో, అందరిళ్ళలో పరుపులూ బొంతలూ దొంతరగా పేర్చిపెట్టుకునే గోడకి ఆనించాడు. ఆయన భార్య ఇనోబత్ పెళ్ళినాటి నుంచీ కుట్టి దాచుకున్న పరుపులు అప్పటినుంచి మంచాల కింద, అటక మీద, ఒకటి ఎండు ఖుబానీల పెట్టె మీద చెదిరిపోయాయి. ఆ సంగతి ఆవిడ ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తకుండా ఉండటమే ఎత్తినదానికన్నా ఎక్కువగా ఉండేది.

ఉద్యోగం అయిపోయాక మొహల్లా పెద్దలు తోలిబ్‌జాన్‌కి రాజీలు కుదిర్చే పని అప్పగించారు. మొగుడూపెళ్ళాలు, గోడ దగ్గర అన్నదమ్ములు, తందూరు పొగ గురించి ఇరుగుపొరుగులు, అందరూ ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. చిన్నవాళ్ళంతా అన్నగారిలా చూసుకుంటూ 'ఆకా' అని పిలిచేవాళ్ళు. ఎవరిది తప్పని ఆయన ఎన్నడూ అడిగేవాడు కాదు. ఇద్దరినీ నేల మీద పరిచిన దస్తర్‌ఖాన్ గుడ్డకి ఇటొకరినీ అటొకరినీ కూర్చోబెట్టి, చాయ్ పోసి, వేడి నాన్ ఒకటి మధ్యలో పెట్టేవాడు. చెరో అంచు పట్టుకుని తుంచాలి. ఒకే రొట్టె తుంచుకు తిన్నవాళ్ళు మళ్ళీ కలబడితే ఆ రొట్టె ఊరుకోదు, కొడుతుంది. ఇది మా మొహల్లాలో చంటిపిల్లలకి కూడా తెలిసిన సంగతి. వందకి పైగా కాపురాలు ఆయన చేతి నాన్ మీద నిలబడ్డాయి.

ఒక మార్చి ఆదివారం ఆయన, పిట్టలతోపాటు చేపలూ అమ్మే పిట్టల బజారుకి వెళ్ళాడు. ఊరికే చూసొస్తానని వెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడు దూది కుట్టిన చలికోటు ముందు భాగం ఉబ్బి ఉంది. ఇనోబత్ గుమ్మంలో నిలబడి ఆపింది.

"ఏమండీ, పొట్ట కారుతోంది."

"చెమట."

"చెమటలో తోక ఆడుతోంది."

తోలిబ్‌జాన్ కోటు విప్పాడు. నీళ్ళ సంచిలో ఎర్రటి ఫ్లవర్‌హార్న్ చేప. నుదుటి మీద ఇంకో నుదురు మొలిచినట్టు పెద్ద బుడిపె. సంచిలోంచే ఇనోబత్‌ని ఎగాదిగా చూసింది.

"దీని పేరు పహిల్వాన్," అన్నాడు, పేరుంటే తిరిగి ఇచ్చెయ్యమనదని.

ఇనోబత్ పక్కకి తప్పుకుని లోపలికి రానిచ్చింది. ఆవిడకి తెలుసు ఏమవుతుందో. చలికాలంలో ఇన్‌స్పెక్టర్ రెండు చేపల్ని పీలికలు చేస్తే, వాటిని ఖుబానీ చెట్టు కింద గొయ్యి తీసి పాతింది ఆవిడే.

అనుకున్నట్టే అయింది. తొట్టిలో ఎడమ మూల బల్లపరుపు రాయి దగ్గర ఇన్‌స్పెక్టర్ కాపురం. పహిల్వాన్ దిగిన పావుగంటకల్లా కుడి మూల చెట్టువేరు కింద చోటు పట్టేసింది. ఇక సరిహద్దు యుద్ధమే. మధ్యలో రెండు ఆస్కార్ చేపలు, పాపం, అటు పోతే ఒక కాటు, ఇటు పోతే ఒక కాటు. అద్దానికి నోరు అంటించుకుని పాచి నాకే చేప ఇంకొకటుంది. వచ్చినవాళ్ళందరికీ తలవంచి సలాం చేస్తున్నట్టు ఉంటుందని దానికి కొత్తకోడలు అని పేరు. అది మాత్రం అద్దం వదల్లేదు. సోమవారానికి ఒక ఆస్కార్ తోక చిరిగింది. మంగళవారం పహిల్వాన్ పొట్టన పొలుసులు లేచిపోయాయి. తోలిబ్‌జాన్ మధ్యలో అద్దం పలక అడ్డుపెట్టాడు. రెండూ అటునుంచీ ఇటునుంచీ మూతులతో పలకని గుద్దుతూ కూర్చున్నాయి. టక్, టక్. పక్కగదిలో చాయ్ తాగుతుంటే గిన్నెలో చాయ్ వణికేది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఇనోబత్ రొట్టె ముక్క పక్కన పెట్టి చెప్పింది.

"వచ్చే ఆదివారం మా ఆడవాళ్ళ చాయ్ కూటమి మనింట్లో. పన్నెండుమంది వస్తారు. చాయ్ తాగుతూ నెత్తురు చూడమనలేను. ఆదివారానికి అవి కలిసుంటే ఉంటాయి. లేకపోతే తొట్టి ఖాళీ. హాషిమ్‌కి చెప్తా, నూనె కాగబెట్టుకోమని."

"అన్నీనా?"

"కొత్తకోడలు ఉండొచ్చు. దానితో నాకు పేచీ లేదు."

ఇనోబత్ ఒకమాట రెండుసార్లు చెప్పే మనిషి కాదు. ఇరవయ్యారేళ్ళ కిందట ఒకసారి, 'సిగరెట్టు ఇంక ఈ ఇంట్లో వద్దు' అంది. ఆ రోజు నుంచి తోలిబ్‌జాన్ వీధిలో ఎవరైనా వెలిగించినా అటువైపు గాలి పీల్చడం మానేశాడు. అందుకని ఆయనకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చేపల్ని వేరువేరు తొట్లలో పెట్టడానికి ఇంట్లో చోటు లేదు. ఇచ్చేద్దామంటే మనసొప్పదు. ఇన్‌స్పెక్టర్‌ని బొటనవేలంత ఉన్నప్పుడు తెచ్చాడు. ఏడేళ్ళుగా పొద్దున్నే ఆయన అడుగుల చప్పుడు వినగానే అద్దం దగ్గరికి వచ్చేది. ఆయన చేతిని మూడుసార్లు కరిచింది కూడా. అయినా వచ్చేది కదా.

హాషిమ్ అంటే ఎదురింటి వంటమేస్త్రి. మొహల్లాలో ఏ పెళ్ళికైనా పలావు అతనిదే. మొహల్లా సొంత కడాయిలు మూడూ అతని పెరట్లోనే బోర్లించి ఉంటాయి. ఇనోబత్ మాట అతని చెవిన ఎలా పడిందో, బుధవారం వచ్చి తొట్టి ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"ఆకా, పెద్దదాన్ని అడ్డంగా కొయ్యమంటారా, నిలువునా చీల్చమంటారా?"

"నువ్వు ముందు నీ పలావులోకి క్యారట్ సన్నగా తరగడం నేర్చుకో."

"నా పలావు మొహల్లా అంతా తింటోంది. మీ చేపల్ని మీ ఇంటావిడే చూడలేకపోతోంది."

"పోరా, పో. నీ ఉల్లిపాయలు మాడుతున్నట్టున్నాయి."

గురువారం మధ్యాహ్నం దాకా తోలిబ్‌జాన్ తనకి తెలిసినవన్నీ చేశాడు. కడుపునిండా తిండి పెట్టాడు. దీపం ఆర్పి చూశాడు. నీళ్ళు చల్లబరిచాడు. పలక తీసిన ప్రతిసారీ యుద్ధం ఆపిన చోటినుంచే మొదలైంది. చివరికి తొట్టి ముందు కూలబడి ఆలోచించాడు. వందమందికి పైగా మనుషుల్ని కలిపాను, రెండు చేపల్ని కలపలేనా అనుకున్నాడు. ఇనోబత్ అప్పుడే తందూరులోంచి తీసిన నాన్‌లు గుడ్డ కప్పి పెట్టి ఉన్నాయి.

ఆయన గుండ్రటి నాన్ ఒకటి తీసుకున్నాడు. దారం కట్టి, మునగడానికి ఒక చెంచా వేలాడదీశాడు. అద్దం పలక తీసి, సరిగ్గా సరిహద్దు దగ్గర రొట్టెని నీళ్ళలోకి దించి, రోజూ అందరికీ చెప్పే మాటే చెప్పాడు.

"చెరో అంచు పట్టుకోండి. ఎవరిది తప్పని నేనడగను."

ఇన్‌స్పెక్టర్ వచ్చి ఒక అంచు పట్టుకుంది. పహిల్వాన్ వచ్చి రెండో అంచు పట్టుకుంది. ఒక్క క్షణం రొట్టె వాటి మధ్య బిగుసుకుని నిలిచింది. తోలిబ్‌జాన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తర్వాత రొట్టె తెగింది. తెగిన మరుక్షణం పహిల్వాన్ బుగ్గ ఇన్‌స్పెక్టర్ నోట్లో ఉంది.

పలక మళ్ళీ దించేసరికి ఆయన చొక్కా చేతులు భుజాల దాకా తడిసిపోయాయి. ఉప్పు తక్కువైందేమో అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. ఆ నాన్ నీళ్ళలో ఉండగానే రెండోది దించాడు, ఈసారి నువ్వులు చల్లింది. దాన్ని ఏ చేపా ముట్టలేదు. తీసేద్దామనుకుంటుండగా ఎవరో తలుపు కొట్టారు, శనివారం పెళ్ళి పిలుపు. మాటల్లో పడి తొట్టి సంగతి మరిచిపోయాడు.

శుక్రవారం పొద్దున్న గదిలోకి ముందు వెళ్ళింది ఇనోబత్. తొట్టిలో నీళ్ళు పాలు కలిపిన చాయ్‌లా ఉన్నాయి. రొట్టె నాని, చివికి, గంజయింది. ఐదు నోళ్ళు నీటి పైకి తేలి గాలి కోసం కొట్టుకుంటున్నాయి. ఇన్‌స్పెక్టర్ పక్కనే, పలకకి అటు, పహిల్వాన్. పలకని గుద్దే ఓపిక కూడా లేదు. దారానికి చెంచా వేలాడుతోంది.

"ఇది నా చెంచా," అంది.

తోలిబ్‌జాన్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"రొట్టె వేశారా?"

"రాజీకి."

ఇనోబత్ తలగుడ్డ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కిందికి కూర్చుండిపోయింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని తోలిబ్‌జాన్ దగ్గరికి వెళ్ళాడు. ఏడవడం లేదు.

"వంద రాజీలు చేసిన మనిషివి," అని, నవ్వాపుకుని మళ్ళీ మర్యాదలోకి వచ్చింది, "చేపలు రొట్టె మీద ఒట్టు పెడతాయటండీ?"

"హాషిమ్‌ని పిలువు," అన్నాడాయన. "ఆదివారం దాకా ఎందుకు. ఇవ్వాళే తీసుకుపొమ్మను."

ఇనోబత్ లేచి తొట్టి దగ్గరికి వెళ్ళింది. కొత్తకోడలు కూడా అద్దం వదిలేసి పైకొచ్చి నోరు తెరుస్తోంది. దానికి మధ్యాహ్నం పూట ఎవరూ చూడకుండా దోసకాయ చెక్కలు వేసేది ఇనోబతే. ఆ సంగతి తోలిబ్‌జాన్‌కి ఈనాటికీ తెలియదు. ఆవిడ కాసేపు చూసి, జోళ్ళు తొడుక్కుని, వీధి దాటి హాషిమ్ పెరట్లోకి వెళ్ళింది.

"హాషిమ్, పెద్ద కడాయి ఇవ్వు."

"ఎంతమందికి ఖాలా?" అన్నాడు, పెద్దావిడని పిలిచినట్టు.

"ఐదుగురికి."

"ఐదుగురికి పెద్ద కడాయి ఏం చేసుకుంటారు?"

"తినేవాళ్ళు కాదు. ఈదేవాళ్ళు."

హాషిమ్ చేతిలో గరిటె కిందపెట్టాడు. "ఖాలా, రేపు పెళ్ళి. తెల్లారకుండా నాలుగొందలమంది అందులో వండింది తినాలి. ఇవాళ సాయంత్రమే క్యారట్ తరగడానికి మగాళ్ళంతా వస్తారు. చేప వాసన వచ్చిందంటే నేనీ ఊళ్ళో తలెత్తుకోలేను."

"సాయంత్రానికి నీ ముందుంటుంది. బూడిదతో ఒకసారి, వేన్నీళ్ళతో రెండుసార్లు నేనే తోముతా."

"వల్లకాదు."

"నీ పెళ్ళాం అలిగి పుట్టింటికి పోతే ఎవరు తీసుకొచ్చారు?"

హాషిమ్ నేల చూపులు చూశాడు. "ఆకా."

"రెండోసారి పోతే?"

"ఆకానే."

"మూడోసారి గురించి కూడా అడగమంటావా?"

కడాయిని చక్రంలా దొర్లించుకుంటూ హాషిమే వీధి దాటించాడు. ద్రాక్షపందిరి కింద ఇటుకల మీద నిలబెట్టారు. కొత్తనీళ్ళు ఒకరోజు నిలవ ఉంచితేగానీ చేపలకి పడవని తోలిబ్‌జాన్ పెరట్లో ఎప్పుడూ రెండు పీపాలు నింపి ఉంచేవాడు. అవి కడాయిలోకి వెళ్ళాయి. ద్రాక్షతీగలకి పోయడానికి పట్టి ఉంచిన ఇరుగుపొరుగు పీపాలన్నీ తొట్టి కోసం వచ్చాయి. గాలి మోటారుకి కిటికీలోంచి కరెంటు తీగ లాగారు. చేపల్ని ఒక్కొక్కటిగా తడిపిన కోటులో చుట్టి తెచ్చి కడాయిలో వదిలారు. ఇన్‌స్పెక్టర్ అంత నీరసంలోనూ ఆయన బొటనవేలు కొరికింది. ఆయనకి అదే పదివేలు.

ఐదూ ఒకే కడాయిలో. మధ్యలో పలక లేదు. కొంచెం ఊపిరి తిరగ్గానే ఏదో ఒకటి చస్తుందనుకుని తోలిబ్‌జాన్ పక్కనే పీట వేసుకుని, వలగుడ్డ చేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

ఒక గంట. ఇన్‌స్పెక్టర్ కడాయి అంచు వెంట ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు తిరిగింది. పహిల్వాన్ దాని వెనకే తిరిగింది. ఆస్కార్లు రెండూ వాటి వెనక. మూడు గంటలైనా అలాగే తిరుగుతున్నాయి, బడికి బయల్దేరిన పిల్లల్లా వరసగా. ఎదురుపడితే ఒకటి కొంచెం ఒరిగి తప్పుకుంటోంది. కాట్లు లేవు.

ఇనోబత్ చాయ్ తెచ్చి చూసింది. "పాపం, ఎక్కడా ఆగడానికి లేదు వాటికి. దేని మూల దానికి దొరకలేదు."

తోలిబ్‌జాన్ చాయ్ గిన్నె అందుకోవడం మరిచిపోయాడు. కడాయికి మూల ఎక్కడుంటుంది?

ఆయనకి తన ట్రాలీబస్సు గుర్తొచ్చింది. పొద్దున్నే ఖాళీ బస్సులో ఎక్కినవాడు కిటికీ పక్కన కూర్చుని పక్క సీట్లో సంచి పెట్టేవాడు. తర్వాత ఎక్కినవాడు సంచి తియ్యమనేవాడు. తగవులన్నీ అప్పుడే. అదే బస్సు తొమ్మిదింటికి కిక్కిరిసిపోయేది. అందరూ ఒకే కమ్మీ పట్టుకుని వేలాడేవాళ్ళు. అప్పుడు ఎవరూ ఎవరినీ ఏమీ అడిగేవాళ్ళు కాదు. ఇన్నేళ్ళూ నేను వీటికి సీట్లు వేశాను, అనుకున్నాడు. కొత్తదాన్ని తెచ్చి, పాతదాని సంచి పక్కన కూర్చోబెట్టాను.

లేచి గదిలోకి వెళ్ళాడు. తొట్టి ఖాళీ చేసి కడిగాడు. ఎడమ మూల రాయిని వీధిలోకి విసిరాడు, కుడి మూల వేరుని తందూరులో పెట్టాడు. వాటి బదులు పెరట్లో పడున్న మట్టి కుండీలు అరడజను తెచ్చి ఎక్కడపడితే అక్కడ బోర్లించాడు. నీళ్ళు పోసే గొట్టం కూడా ఇటునుంచి అటు మార్చాడు. పీపాల నీళ్ళు చల్లగా ఉంటే ఇనోబత్ సమోవార్‌లో నీళ్ళు కాచి చెంబుతో కలిపింది. సాయంత్రం నాలుగింటికి చేపల్ని తిరిగి దించారు. మెతకవాటిని ముందు దించి, ఇన్‌స్పెక్టర్‌ని అన్నిటికన్నా చివర.

ఇన్‌స్పెక్టర్ నేరుగా ఎడమ మూలకి వెళ్ళింది. అక్కడ కుండీలోంచి ఆస్కార్ తోక కనిపించింది. కుడి మూలకి వెళ్ళింది. కొత్తకోడలు అద్దానికి అంటుకుని సలాం చేస్తోంది. తన సీటేదో తెలియని ప్రయాణికుడిలా అది మధ్యలో ఆగిపోయింది. పహిల్వాన్ వచ్చి రెండు జానల దూరంలో ఆగింది. ఒకసారి బుగ్గలు పొంగించుకున్నాయి. తర్వాత ఎవరి దారిన అవి కుండీల వాసన చూడటానికి పోయాయి.

కడాయిని ఇనోబత్ అన్న మాట ప్రకారం మూడుసార్లు తోమింది. హాషిమ్ దాంట్లో తల పెట్టి నాలుగుసార్లు వాసన చూసి తీసుకుపోయాడు. శనివారం తెల్లవారుజామున నాలుగొందలమంది పలావు తిన్నారు. ఒక ముసలాయన రెండో పళ్ళెం అడిగి, ఇంత రుచి చిన్నప్పుడు సిర్‌దర్యా నది ఒడ్డున తిన్నానన్నాడు. ఇంకొకాయన పళ్ళెంలో నాణెమంత పొలుసు వచ్చిందని చెప్పుకున్నారు. అది ఉల్లిపొర కూడా అయ్యుండొచ్చు.

ఆదివారం పన్నెండుమంది ఆడవాళ్ళూ వచ్చారు. తోలిబ్‌జాన్‌ని గదిలోకి రానివ్వలేదు. ఆయన ద్రాక్షపందిరి కింద కూర్చుని, కిటికీ వైపు చెవి పెట్టి, టక్ మన్న ప్రతి చప్పుడుకీ ఉలిక్కిపడ్డాడు. అవి చాయ్ గిన్నెల చప్పుళ్ళే. కాసేపటికి లోపల మాటలు ఆగిపోయాయి. అంతమంది ఆడవాళ్ళు ఒకేసారి నోరు మూశారంటే ఏదో అయిందనే. ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. అందరూ తొట్టి వైపు తిరిగి చూస్తున్నారు. చేపలు ఈదుతున్నాయి, అంతే.

"వీటిలో మొగుడెవరు, పెళ్ళామెవరు?" అని ఎవరో అడిగారు.

"నాకు తెలీదమ్మా," అంది ఇనోబత్. "పోట్లాడుకోవట్లేదు కాబట్టి మొగుడూపెళ్ళాలు కాదనుకుంటా."

వాళ్ళు వెళ్ళేసరికి సాయంత్రమైంది. ఇనోబత్ ఖాళీ గిన్నెలు పెరట్లోకి తెచ్చి కుళాయి కింద పెట్టింది. తోలిబ్‌జాన్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"మరి?"

ఆవిడ రెండు గిన్నెలు కడిగింది.

"పరుపులకి ఇంకో అలమరా చేయించండి. పెద్దది."

ఆయన మూడో గిన్నె అందుకుని తనే కడిగాడు. ముప్ఫై నలభై ఏళ్ళలో అది మొదటిసారి. గిన్నె సరిగ్గా కడగలేదని ఇనోబత్ దాన్ని మళ్ళీ కడిగింది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ తొట్టి అక్కడే ఉంది. చేపలు పెరిగాయి, అప్పుడప్పుడూ ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి కూడా. ఎప్పుడు గుద్దుకున్నా తోలిబ్‌జాన్ చొక్కా చేతులు మడిచి కుండీలన్నీ అటూ ఇటూ మార్చేసేవాడు. రాజీకి వచ్చిన మనుషులకి కూడా పద్ధతి మారింది. నాన్ ఇప్పటికీ ఉంది, కానీ దానికన్నా ముందు ఇద్దరి చేతా బరువైన సామాను ఏదో ఒకటి ఇటునుంచి అటు మోయించేవాడు. తందూరు కోసం ఆరేళ్ళు మాట్లాడుకోని తోడికోడళ్ళ చేత తందూరే పగలగొట్టించి, పెరటికి అవతలి పక్క కొత్తది కట్టించాడు. వాళ్ళిద్దరూ ఇప్పుడు కలిసి ఆయన్ని తిడుతుంటారు, పొగ కళ్ళలోకి వస్తోందని.

ఈ కథని చాయ్‌ఖానాలో తోలిబ్‌జాన్ ఎదురుగా చెప్పి చూడండి. ఆయన గిన్నె కింద పెడతాడు.

"అబద్ధం. మొత్తం అబద్ధం. మా మొహల్లా కడాయిలో మాంసం, బియ్యం తప్ప ఇంకేదీ పడలేదు, పడబోదు. ఎవరూ అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు. ఆ శుక్రవారం నేను సమర్కండ్‌లో మా చెల్లెలింట్లో ఉన్నాను. అయినా, అన్నం తినేవాడెవడైనా చేపకి రొట్టె వేస్తాడా?"

"మరి చేపలో, ఆకా?"

"ఏ చేపలు? నాకు చేపల్లేవు. అవి మా ఆవిడవి."